నాలుగు ముడులు, కొంచెం ఎడం, రెండు ముడులు

మొహర్రం పదో రోజు పొద్దున నా నాలుగేళ్ళ కూతురి చేతికున్న దారాన్ని నేను కత్తెరతో కత్తిరించాను. దాని తల్లి వద్దంటున్నా వినలేదు. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంటుంటే గట్టిగా పట్టుకుని మరీ కత్తిరించాను. ఆ రోజు నేను చేసిన తప్పులు ఇంకా ఉన్నాయి గాని, అన్నీ దీని వెనకే వచ్చాయి. అందుకని ముందు దీన్ని ఒప్పుకుంటున్నాను.

ఇది యుద్ధం మొదలు కాకముందటి మాట. ఇప్పుడు రాయడానికి కారణం, ఆ దారం కట్టిన అవ్వ పోయిన చలికాలంలో చనిపోవడం. ఆమె పాడె వెంట మా గల్లీవాళ్ళే కాక, మా గల్లీకి ఎన్నడూ రాని మనుషులు నడిచారు. చార్మినార్ దగ్గర చెప్పులు కుట్టే ముసలాయన వచ్చాడు. గుగ్గిళ్ళు అమ్మే ఆమె గంప ఎక్కడో వదిలిపెట్టి వచ్చింది. తెల్ల గడ్డం పెద్దమనిషి ఒకాయన టోపీ సర్దుకుంటూ కొంచెం దూరంగా, చివరిదాకా నడిచాడు. వీళ్ళంతా ఎవరని మావాళ్ళు ఒకరినొకరు అడుక్కున్నారు. నాకు తెలుసు. తెలిసినవాడు రాయకపోతే అది ఇంకో తప్పు అవుతుంది.

శాలిబండలో మా గల్లీలో ఆమెను అందరూ అవ్వ అనే పిలిచేవారు. అసలు పేరు నేను ఎన్నడూ అడగలేదు. పదిహేనేళ్ళు ఎదురింట్లో ఉండి మనిషి పేరు అడగకపోవడం కూడా నా తప్పుల లెక్కలోకే వస్తుంది.

అవ్వ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆమె కాలి బొటనవేలు. పొద్దున పని తెమిలాక అరుగు మీద గోడకు వీపు ఆనించి, ఎడమకాలు మడిచి, కుడికాలు చాచి కూర్చునేది. దారాల మధ్యభాగాన్ని చాచిన కాలి బొటనవేలికి తగిలించేది. మధ్యలో ఉండే రెండు పోగుల కొసలను నడుము దగ్గర చీరలో దోపుకునేది. ఇక పక్క పోగులు రెండూ చేతుల్లో ఆడుతుండేవి. బొటనవేలు ముందుకు చాస్తే దారం బిగుస్తుంది, వెనక్కి తీస్తే వదులవుతుంది. ఎవరైనా ఆమెకు నచ్చని మాట అంటే ముఖం ఏమీ మారేది కాదు, ఆ వేలు మాత్రం ముందుకు సాగేది. ఆమె కోపం తెలుసుకోవాలంటే కాలివైపు చూడాలి. గల్లీలో ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. "అవ్వ ఏలు సాగింది, ఇగ ఆపు" అని ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు.

పని చేస్తున్నంతసేపూ తరవాత కట్టబోయే దారం కొస ఒకటి పళ్ళ మధ్య ఉండేది. అందువల్ల ఆమె మాటలు సగమే వినిపించేవి. మిగతా సగం మనమే పూరించుకోవాలి. కోడళ్ళు తమకు కావలసినట్టు పూరించుకుని వెళ్ళిపోయేవారు.

జుట్టుముడిలో పువ్వు ఉండాల్సిన చోట ఒక తుమ్మముల్లు ఉండేది, దారానికి పడ్డ ముడులు విప్పడానికి. ఇంట్లో కత్తెర లేదు. ఎవరైనా తెచ్చి ఇవ్వబోతే, "గది బట్టలు కుట్టెటోనికియ్యి బిడ్డా, నాకెందుకు" అనేది. దారం తెంచాలంటే దీపం మంటకు చూపించేది. తెంచడం కూడా తక్కువే. పిల్ల చెయ్యి పెరిగి దారం చాలకపోతే ముల్లుతో ఓపికగా విప్పి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ వాడేది. యుద్ధం రోజుల్లో నూలుకు కంట్రోలు వచ్చినప్పుడు బజారంతా దారం కోసం తల్లడిల్లుతుంటే, అవ్వ డబ్బాలో మాత్రం దారం తరగలేదు.

ఆమె ముఖాలు చూసేది కాదు, మణికట్లు చూసేది. తన బొటనవేలూ మధ్యవేలూ కలిపి మన మణికట్టు చుట్టూ వేసి, ఒక్క క్షణం పట్టుకుని వదిలేసేది. కొలత అయిపోయినట్టే. ఒకసారి బొంబాయి మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేసి తిరిగొచ్చిన ఒకతను కోటు వేసుకుని వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"అవ్వా, నన్ను గుర్తువట్టినవా?"

"మొఖం జూపకు, చెయ్యి జూపు."

చెయ్యి చాపాడు. వేళ్ళతో చుట్టి చూసింది. "నువ్వు గా మూల ఇంటోనివి గదరా. సంటిపోరనిగ ఉన్నప్పుడు దారమంత నమిలేటోనివి. నీకు నెలకు రెండు కట్టిన."

గల్లీ అంతా నవ్వింది. కోటు వేసుకున్న మనిషి కూడా సిగ్గుపడి నవ్వాడు.

మా గల్లీలో పాలవాళ్ళ ఇల్లు ఒకటుంది. వాళ్ళ దూడల మెడకు పలుపు కట్టేది కూడా అవ్వే. బిగుసుకోని ముడి, ఊడిపోని ముడి ఒకటి ఆమెకు తెలుసు. "దూడకైనా పోరికైనా గదే ముడి. మెడ ఒత్తుకోవద్దు, తల ఎల్లొద్దు" అనేది. పిల్లల దారానికి చివర వేసేది అదే. ఒక్కో కొసను రెండో కొస చుట్టూ ఆ ముడితో కడితే, వేలితో లాగినకొద్దీ జరుగుతుంది. పిల్ల ఏడాది పెరిగినా దారం దానితో పాటు పెరుగుతుంది.

ఆ దారం చూడ్డానికి ఎంతో సాదా. పసుపూ సున్నం కలిపి ఎర్రగా అద్దిన నూలు. నాలుగు ముడులు, కొంచెం ఎడం, రెండు ముడులు. మా గల్లీ పిల్లలందరి చేతికీ అదే. నేను దాన్ని చూసి నాకు తెలిసిన అర్థం చెప్పుకున్నాను.

అప్పుడు నేను బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణంలో గుమాస్తాను. సాయంత్రం దుకాణం కట్టేశాక అఫ్జల్‌గంజ్‌లో ఒక చదువుకునే గదికి వెళ్ళేవాణ్ణి. అక్కడ పత్రికలు వచ్చేవి, ఉపన్యాసాలు జరిగేవి. 'మూఢనమ్మకం' అన్న మాట నాకు అక్కడే దొరికింది. కొత్త చెప్పులు కొన్నవాడు పని లేకున్నా వీధంతా తిరిగినట్టు, నేను ఆ మాటను పట్టుకుని తిరిగాను. జ్వరమొచ్చిన పిల్లను వైద్యుడికి చూపించకుండా తాయెత్తు కట్టి కూర్చున్నవాళ్ళను నా కళ్ళతో చూశాను, ఆ కోపం అబద్ధం కాదు. కాని ఆ కోపంలో నేను తాయెత్తుకూ దారానికీ తేడా చూడలేదు. చూడాలని అనుకోనూ లేదు.

మాకు సెలవు జుమ్మా రోజు, అంటే శుక్రవారం. ఒక జుమ్మా నాడు నలుగురు వింటుండగా అవ్వ అరుగు ముందు నిలబడ్డాను.

"అవ్వా, గీ దారం గడితె రోగం రాదా?"

"రాదని ఎవలన్నరు?"

"మరి దయ్యం పట్టదా?"

"దయ్యానికి నా దారమేం ఎరుక బిడ్డా."

"మరెందుకు గడ్తున్నవ్?"

పళ్ళ మధ్య కొస ఉంది. "పిల్లలకు" అన్నది. వెనక ఇంకేదో అన్నది, వినబడలేదు.

నేను నలుగురివైపూ తిరిగాను. "సూశిండ్రా? ఎందుకు గడ్తుందో ఆమెకే తెల్వది!"

వాళ్ళు నవ్వారు. అవ్వ బొటనవేలు ముందుకు సాగింది. నేను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే, పళ్ళ మధ్య నుంచి దారం తీసి చెప్పేదేమో. కాని అప్పుడు నాకు కావలసింది జవాబు కాదు.

ఆ నెలలో ఐదారిళ్ళ మగవాళ్ళకు చెప్పి పిల్లల చేతుల దారాలు తీయించాను. పాలవాళ్ళింటి ఇల్లాలు మాత్రం చీపురు పట్టుకుని గడపలో నిలబడింది. "మా పోరని చెయ్యి ముట్టి సూడు సారూ, నీ చెయ్యి ఏమైతదో సూస్తువు" అన్నది. ఆమెను మూఢురాలని అందరి దగ్గరా చెప్పాను. ఇక మిగిలింది మా ఇల్లే. ఊరందరికీ చెప్పి నా కూతురి చేతికి దారం ఉంచుకుంటానా? పీర్ల పండుగ పదో రోజు, ఊరేగింపు చూడ్డానికి బయల్దేరే ముందు కత్తెర తీశాను.

"జర ఇనుండ్రి" అన్నది నా భార్య. "గది దేవుని దారం గాదు. గది..."

"నాకు తెలుసు" అన్నాను. ఆమె మాట పూర్తికాకముందే అన్నాను. మా పెళ్ళైన కొత్తలో అలవాటైన మాట అది.

ఎండ మండుతోంది. గుల్జార్ హౌజ్ నుంచి మీరాలం మండి దాకా జనం. మావాళ్ళూ ముసల్మానులూ అని లేకుండా అందరూ రోడ్డుకు రెండు పక్కలా నిలబడ్డారు. పిల్లను భుజాల మీద కూర్చోబెట్టుకున్నాను. అంతలో మా పక్క దుకాణం గుమాస్తా కనిపించాడు. అతని చంకలో పసివాడు, వాడి మెడలో మొక్కుకుని కట్టిన ఎర్ర దారం. నా నోరు ఆగలేదు. చేతులాడిస్తూ మాట్లాడడం నాకు అలవాటు. భుజాల మీద పిల్ల ఉంటే చేతులు ఆడవు. అందుకని పిల్లను కిందికి దించాను.

అతనితో కాసేపు వాదించాను. చివరికి అతను "సరేలే అన్నా, నీకే ఎరుక" అని వెళ్ళిపోయాడు. వాదన నేనే గెలిచాను. తిరిగి చూస్తే పిల్ల లేదు.

తరవాతి గంటల గురించి రాయడం నాకు చేతకాదు. పిల్ల పేరు పెట్టి అరిచాను. ఆ జనంలో నా గొంతు నాకే వినబడలేదు. నా భార్య ఏడవలేదు. నిలబడ్డ చోటి నుంచి కదలకుండా, ప్రతి చిన్న తలనూ చూస్తూ ఉంది. నేను ఇంటికి పరుగెత్తాను, ఒకవేళ దారి తెలుసుకుని వచ్చిందేమోనని. రాలేదు. అవ్వ అరుగు మీద ఉంది.

"అవ్వా, పోరి తప్పిపోయింది."

ఆమె పళ్ళ మధ్య దారం తీసేసింది. "చేతికి ఉన్నదా?"

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. అయినా జవాబు తెలుసు. "లేదు. పొద్దున నేనే కోసేసిన."

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. ఆమె కాలి వేలికున్న దారం ఊడదీసి లేచి నిలబడింది.

"సరే. ఇగ కాళ్ళతోని దేవులాడాలె. నడువ్."

నా భార్య దగ్గరికి వెళ్ళగానే, "నువ్వు గీడనే ఉండు తల్లీ. పోరి మళ్ళొస్తే ఎవలన్న ఉండాలె" అన్నది. తరవాత జనంలోకి నడిచింది. అరవయ్యేళ్ళు దాటిన మనిషి. ఎవరినీ తోసేది కాదు. ఎదురొచ్చినవాడి మణికట్టు పట్టుకుని మెల్లగా పక్కకు జరిపేది, వాడు జరిగేవాడు. నేను వెనకాల వెళ్ళాను.

మొదట గుగ్గిళ్ళు అమ్మే ఆమె దగ్గర ఆగింది. ఆమె అవ్వను చూడగానే అడక్కుండానే చెప్పింది: "మీ గల్లీ పోరడొకడు దొర్కిండు అవ్వా. పాలోళ్ళ పోరడు. మా మరిదితోని ఇంటికి తోలిచ్చిన."

"గాడు గాదు. పోరి. నాలుగేండ్లది."

"పోరిని సూడలే. నాలుగు, రెండు ఉన్న చేతులన్నీ సూస్తనే ఉన్న గదా."

అప్పుడు చూశాను. ఆమె గంప పిడికి ఒక ఎర్రదారం కట్టి ఉంది. నాలుగు ముడులు, కొంచెం ఎడం, రెండు ముడులు. పాలవాళ్ళ పిల్లవాడు అప్పటికే ఇంట్లో ఉన్నాడు. వాడి తల్లినే నేను మూఢురాలన్నది.

చార్మినార్ దగ్గర చెప్పులు కుట్టే ఆయన ఆ రోజు ఊరేగింపులో ఉత్త కాళ్ళతో నడిచేవాళ్ళ చెప్పులకు కాపలా ఉన్నాడు. ఆయన సంచికి కూడా అదే దారం. తల అడ్డంగా ఊపాడు. "అట్లాంటిది రాలే అవ్వా. ఉత్త చేతుల పోరగాండ్లు శానమంది తిరుగుతున్నరు. ఎవరి పిల్లలని అడుగుదు?"

ఉత్త చేతుల పిల్లలు. అందులో ఐదారుగురి చేతులు నేను ఖాళీ చేసినవే. ఆ రోజు వాళ్ళెవరూ తప్పిపోలేదు. అది నా గొప్ప కాదు.

మూడో చోటు మీరాలం మండి మలుపులో సబీల్. దాహమైనవాళ్ళకు ఊరికే నీళ్ళూ షర్బతూ పోసే పందిరి అది. గడ్డం అప్పుడే తెల్లబడుతున్న పెద్దమనిషి కుండ దగ్గర నిలబడి ఉన్నాడు. పందిరి వెదురుకు అదే ఎర్రదారం వేలాడుతోంది. అవ్వను చూసి గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మా, ఆయీయే. ఒక బచ్చీ ఉంది నా దగ్గర. జర చూడు."

బల్ల వెనక గోనెపట్టా మీద నా కూతురు కూర్చుని ఉంది. షర్బత్ తాగి మూతి ఎర్రగా చేసుకుంది. నన్ను చూసి కోపంగా అడిగింది: "బాపూ, ఏడికి పోయినవ్?"

తప్పిపోయింది తను కాదు, నేను. దాని లెక్క అది. ఇప్పుడు ఆలోచిస్తే దాని లెక్కే సరైనది.

ఆ పెద్దమనిషి అవ్వతో చెబుతున్నాడు. "రాగానే చెయ్యే చూసిన అమ్మా. ఖాలీ. పేరు అడిగితె చిట్టి అన్నది. బాపు పేరేంది అంటె బాపు అన్నది. ఇల్లు ఏడ అంటె, మా ఇంట్ల అన్నది. క్యా కర్నా?" నవ్వాడు. తరవాత పిల్ల చెయ్యి తీసుకుని మణికట్టు తిప్పి చూపించాడు. ఎండకు నల్లబడ్డ చర్మం మీద దారం ఉన్నంత మేర సన్నటి తెల్లగీత. "మగర్ ఇగో, గీత ఉంది. ఎవరో కట్టిండ్రు, ఎవరో తీసిండ్రు. కట్టిన మనిషి వస్తది అనుకున్న. అందుకే పోలీసు చౌకీకి ఇయ్యలే. నాలుగు గంటలైంది, కూసోబెట్టుకున్న."

నాలుగు గంటలు. దారం ఉంటే అరగంటలో పిల్ల ఇంట్లో ఉండేది.

"తీసింది నేనే" అన్నాను. ఎందుకు అన్నానో తెలియదు. అనకపోతే ఆ గీతవైపు చూడలేననిపించింది.

ఆయన నావైపు చూశాడు. గ్లాసు నింపి చేతికిచ్చాడు. "పానీ పీయో, భాయ్." తాగి పిల్లను ఎత్తుకున్నాను.

పిల్లను దాని తల్లి చేతికిచ్చాక, ఇంటికి నడుస్తూ అవ్వను అడిగాను. "నాకెందుకు జెప్పలే అవ్వా?"

"నువ్వు అడుగలే బిడ్డా. నువ్వు గెలుస్తుంటివి."

కొంచెం దూరం నడిచాక తనే మళ్ళీ అన్నది. "ఊరంత జెప్పే ముచ్చట గాదు. పోరగాండ్లను ఎత్కపొయ్యేటోళ్ళు గూడ ఇంటరు. తల్లులకు ఎరుక. గా ముగ్గురు నలుగురికి ఎరుక. గది సాలు. మొగోళ్ళు ఏమనుకుంటే నాకేంది, చెయ్యికి ఉంటె అయిపాయె."

ఆమె ఎందుకు మొదలుపెట్టిందో కూడా ఆ రోజే తెలిసింది. మూసీ పొంగిన తుగ్యానీ వరదలో ఇళ్ళు పోయినవాళ్ళను తీసుకెళ్ళి అన్నం పెట్టిన చోట, పేర్లు చెప్పడం రాని పిల్లలు వరసగా కూర్చున్నారట. "నా బిడ్డ చెయ్యికి పూసదారం ఉండె. గా పూసను జూసి నా దగ్గరికి దెచ్చిండ్రు. పక్కింటామె బిడ్డ చెయ్యికి ఏం లేకుండె." అంతే చెప్పింది. ఆ పక్కింటామె సంగతి నేను అడగలేదు.

మరుసటి జుమ్మా నాడు నేను దారాలు తీయించిన ఇళ్ళకు ఒక్కొక్కటిగా వెళ్ళాను. అంతకుముందు ఎంత గట్టిగా మాట్లాడానో అంత గట్టిగా మాట్లాడాలని అనుకున్నాను గాని, మాట మెల్లగానే వచ్చింది. ఒక ఇంటాయన నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వాడు.

"ఏం సారూ, మొన్న తియ్యుమంటివి, ఇయ్యాల కట్టుకొమ్మంటివి. రేపు ఏందో జర ఇప్పుడే జెప్పరాదు, ఒక్కసారే జేస్కుంటం."

"రేపు గూడ ఇదే జెప్త అన్నా" అన్నాను. "నేను తప్పు జెప్పిన. నా బిడ్డ తప్పిపోయింది."

ఆయన నవ్వు ఆపాడు. ఆయన భార్య లోపలి నుంచి పిల్లవాణ్ణి పట్టుకొచ్చి అవ్వ అరుగువైపు పంపింది. పాలవాళ్ళ గడప దగ్గర మాత్రం చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. ఆ ఇల్లాలు పాలచెంబు కడుగుతూనే అంతా విన్నది. "సారుకు తెలివి వచ్చింది, ఇగ తన దుకాణం తను సూస్కుంటడు" అని లోపలికి కేకేసింది. నాకు అది క్షమించినట్టే వినబడింది.

ఆ తరవాత అవ్వ దగ్గరికి వెళ్ళి, ఆ ముడులు నేర్పమన్నాను.

"మొగోనివి, గుమాస్తావు. నీకెందుకు?"

"నేను కోసినయి నేనే కట్టాలె."

ఆమె లోపలి నుంచి ఒక డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. పాత దారాలు, పిల్లలకు చాలకుండా పోయినవి, వందో ఏమో. "ముందుగాల ఇవి ఇప్పు. కత్తెర గిత్తెర ముట్టకు." జుట్టులోంచి తుమ్మముల్లు తీసి ఇచ్చింది. పది జుమ్మాలు విప్పడంతోనే సరిపోయింది. వేళ్ళు పుళ్ళు పడ్డాయి. దుకాణంలో రాసేటప్పుడు కలం పట్టుకోవడం కష్టమయ్యేది. విప్పుతుంటే తెలిసింది, ఆమె కట్టిన ముడి ఏదీ మొండికెయ్యదు. ఎక్కడ ముల్లు పెట్టాలో తెలిస్తే, తనే దారి ఇస్తుంది. తెలియనివాడికే కత్తెర కావాలి.

తరవాత కట్టడం. నాలుగు పోగులు, మధ్య రెండూ కదలవు. ఎడమ పోగు వాటి మీదుగా కుడికి, కుడి పోగు వాటి కిందుగా ఎడమకు, లాగు. ఒక సగం. రెండో సగం కుడి నుంచి మొదలు. నేను ప్రతిసారీ ఎడమ నుంచే మొదలుపెట్టేవాణ్ణి. ముడులు ఒకదాని పక్కన ఒకటి నిలవకుండా పాములా మెలి తిరిగేవి. అవ్వ చూసి పకపకా నవ్వేది. పళ్ళ మధ్య కొస జారిపడేది.

"ఒక దిక్కే గుంజుతున్నవ్ బిడ్డా. ఒకపారి నువ్వు, ఒకపారి అవుతలోడు. గట్లైతేనే సక్కగుంటది."

నేను మొదట చక్కగా కట్టిన దారం నా కూతురి చేతికే కట్టాను. అది చెయ్యి వెనక్కి లాక్కోలేదు. కట్టాక ముడుల మీద వేలు పెట్టి లెక్కబెట్టుకుని, "బాపూ, గిది జెర వంకరున్నది" అన్నది. నిజమే.

దుకాణంలో మూటలకు కట్టి వచ్చే నూలుదారం ఊరికే పోయేది. సేటును అడిగి అది తెచ్చి అవ్వకు ఇచ్చేవాణ్ణి. యుద్ధం వచ్చి దారం కరువైనప్పుడు మాకు అదే ఆధారం. చివరి రెండేళ్ళు అవ్వ చేతులు వణికేవి. ఆమె పోగులు పట్టుకునేది, నేను కట్టేవాణ్ణి. ముడి వదులైతే నా చేతి మీద ఒక్కసారి తట్టేది. విప్పి మళ్ళీ కట్టేవాణ్ణి.

ఆమె పోయాక వచ్చిన మొదటి మొహర్రం ఈ ఏడాదిది. ఈ మధ్య ఊళ్ళో రోజులు బాగా లేవు. సాయంత్రమైతే కిటికీలు మూసుకుంటున్నారు. ఎవరి గల్లీ వాళ్ళదన్నట్టు నడుస్తున్నారు. ఇలాంటప్పుడు పిల్ల తప్పిపోతే ఎవరు ఎవరింటికి తెచ్చి దిగబెడతారు? అందుకే ఈసారి మా గల్లీతో ఆగకూడదనుకున్నాను.

నెలవంక కనిపించిన మర్నాడు మా వెనక గల్లీకి వెళ్ళాను. మిల్లు పనికీ కూలికీ వెళ్ళేవాళ్ళ ఇళ్ళు. అక్కడ నన్నెవరూ ఎరగరు. మొదటి గడప దగ్గర ఒక యువతి పొయ్యి కట్టెలు చీలుస్తోంది. నా చేతిలో దారాలు చూసి ముఖం చిట్లించింది.

"ఏంది గది? మాకు తాయెత్తులొద్దు. పోయి ఆవల జూస్కో."

ఆ మాట నాకు ఎంతో దగ్గరి మాటలా వినబడింది. "తాయెత్తు గాదు బిడ్డా" అన్నాను. నిలబడే అంతా చెప్పాను, దేన్నీ దాచలేదు. కత్తెర సంగతి చెప్పాను. వాదించడానికి పిల్లను కిందికి దించిన సంగతి చెప్పాను. ఆమె గొడ్డలి పక్కన పెట్టింది.

"బిడ్డ దొర్కిందా?"

"దొర్కింది. ఇప్పుడు పదమూడేండ్లు. నాకన్నా మంచిగ కడ్తది."

ఆమె లోపలికి కేకేసి కొడుకును పిలిచింది. వాడు వచ్చి తల్లి వెనక దాక్కున్నాడు. "మీది నాలుగు, రెండు అంటున్నవ్. మరి మా గల్లీకెన్ని?"

ఆ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. ఇన్నేళ్ళూ అవ్వ చెప్పిన లెక్కే కట్టాను. సొంతంగా ఒక గుర్తు ఎన్నడూ వెయ్యలేదు. అక్కడే గడప మీద కూర్చుని, కొత్త పోగులు తీసి కట్టడం మొదలుపెట్టాను. వాడు మెల్లగా ముందుకొచ్చి చూస్తూ కూర్చున్నాడు.

"ఒకటి" అన్నాను. "కొంచెం ఎడం. తరవాత ఐదు."

ఆమె మరచిపోకుండా రెండుసార్లు చెప్పించుకుంది. సాయంత్రానికి ఆ గల్లీలో పదకొండు చేతులకు కట్టాను. ఇంకొకటి కట్టి, చీకటి పడకముందే మీరాలం మండి సబీల్ దాకా నడిచాను. ఇప్పుడు ఆయన గడ్డం పూర్తిగా తెల్లబడింది. మా గల్లీ వెనకది అని చెప్పి ఆ కొత్త దారం ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెదురు దగ్గరికి తీసుకెళ్ళి కట్టాడు. కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమాడు.

"ఏక్" అన్నాడు. వేలు ఎడం మీదుగా జరిగింది. "ఫిర్ పాంచ్."